బేరియాట్రిక్ సర్జరీకి ఇన్సూరెన్స్ రాదన్నారా? ముందు లెటర్లో కోడ్ నంబర్ చూడండి

"పాలసీ షరతుల ప్రకారం ఈ క్లెయిమ్ చెల్లించదగినది కాదు." బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ సర్జరీకి క్లెయిమ్ పెట్టినప్పుడు హాస్పిటల్ ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరో, ఫోన్లో మెసేజ్‌గానో ఈ ఒక్క ముక్క రాగానే చాలామంది కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గంటసేపు వాదిస్తారు. ఆ వాదన ఎక్కడా లెక్కలోకి రాదు. ఫోన్ ఎత్తినవాళ్లు నిర్ణయం తీసుకున్నవాళ్లు కారు, వాళ్ల దగ్గర మీ రిపోర్టులూ ఉండవు. ముందు కావలసింది తిరస్కరణ లెటర్. అందులో పాలసీలోని ఏ క్లాజ్ కింద కాదన్నారో ఉండి తీరాలి. 2024 మే నెలలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది: క్లెయిమ్ కాదనాలంటే కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం ఉండాలి, ఏ షరతు ప్రకారం కాదన్నారో పాలసీదారుకి రాసివ్వాలి. మెసేజ్ మాత్రమే వస్తే ఈ రెండూ అడుగుతూ అదే రోజు మెయిల్ పెట్టండి.

ఇంకో సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కి కట్టడం) కాదన్నంత మాత్రాన క్లెయిమ్ కాదన్నట్టు కాదు. క్యాష్‌లెస్ అడిగినప్పుడు గంటలోపు నిర్ణయం చెప్పాలని నిబంధన. ఆ గంటలో కాగితాలు సరిపోలేదనిపిస్తే కాదనేస్తారు. డబ్బు సర్దుకోగలిగితే సర్జరీ చేయించుకుని, అన్ని కాగితాలతో రీయింబర్స్‌మెంట్‌కి, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇమ్మని, పెట్టుకోవచ్చు. కానీ బేరియాట్రిక్ అత్యవసర ఆపరేషన్ కాదు. నాలుగు వారాలు ఆగితే సాధారణంగా పోయేదేమీ ఉండదు. కాబట్టి లక్షలు అప్పు తెచ్చి టేబుల్ ఎక్కడం కంటే, డాక్టర్‌తో మాట్లాడి తేదీ జరుపుకుని కాగితాలు సరిచేసి మళ్లీ ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి కోరే దరఖాస్తు) పంపడమే మంచి దారి. కాదన్న కేసును కొత్త రిపోర్టులతో మళ్లీ పంపడానికి ఏ అడ్డూ లేదు.

కోడ్ 06లో అసలేముంది

2019 సెప్టెంబర్‌లో ఐఆర్‌డీఏఐ ఆరోగ్య పాలసీల్లోని మినహాయింపుల (కంపెనీ డబ్బు ఇవ్వనివాటి) భాషను అన్ని కంపెనీలకూ ఒకేలా చేసింది. అందులో ఊబకాయానికి ఇచ్చిన కోడ్ 06. మీ పాలసీ ఏ కంపెనీదైనా వ్యక్తిగత పాలసీలో ఈ పేరా దాదాపు అక్షరం పొల్లు పోకుండా ఉంటుంది. సారాంశం ఇది: ఈ షరతులన్నీ నెరవేరిన సర్జరీకి తప్ప ఊబకాయం చికిత్సకి డబ్బు రాదు. సర్జరీ డాక్టర్ సలహా మీద జరగాలి, వైద్య ప్రోటోకాల్స్ దాన్ని సమర్థించాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువుని చెప్పే అంకె) 40 లేదా అంతకు మించి ఉండాలి. బీఎంఐ 35కీ 40కీ మధ్య ఉంటే, తక్కువ కోతతో లేదా కోత లేకుండా బరువు తగ్గించే పద్ధతులు ఫలించలేదని తేలాక, ఈ నాలుగు జబ్బుల్లో ఒకటైనా ఉండాలి: ఊబకాయం వల్ల వచ్చిన కార్డియోమయోపతి (గుండె కండరం జబ్బు), కరొనరీ గుండె జబ్బు (గుండె రక్తనాళాలు పూడుకోవడం), తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులో లేని టైప్ 2 షుగర్.

జాబితాలో లేనివేమిటో చూడండి. బీపీ లేదు. మోకాళ్ల అరుగుదల లేదు. పీసీఓడీ, ఫ్యాటీ లివర్, థైరాయిడ్ ఏవీ లేవు. బీఎంఐ 37 ఉన్నామె ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గర మోకాళ్ల ఎక్స్‌రేతో ఎంత బలమైన లెటర్ తెచ్చినా ఆ లెటర్‌తో ఈ గేటు తెరుచుకోదు. అదే మనిషికి రాత్రిళ్లు గురక ఉండి, స్లీప్ స్టడీలో ఆప్నియా తీవ్రమని తేలితే తెరుచుకుంటుంది.

చాలామందికి గందరగోళం ఇక్కడే. సర్జన్ "మీకు సర్జరీ అవసరం, మీరు అర్హులు" అంటారు; కంపెనీ కాదంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సమాఖ్య కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆసియా వాళ్లకి బీఎంఐ 27.5 నుంచే సర్జరీని పరిగణించవచ్చన్నాయి. మన పాలసీ మాత్రం 35, 40 దగ్గరే నిలబడి ఉంది. కొత్త మార్గదర్శకాన్ని చూపించి 32 బీఎంఐకి డబ్బు రాబట్టడం దాదాపు అసాధ్యం; ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ కూడా పాలసీలో రాసున్నదాన్నే చూస్తారు. మీ బీఎంఐ నిజంగా 35 లోపు ఉంటే ఇక్కడే ఆగి, సొంత ఖర్చుకి ప్యాకేజీ ఎంతో మాట్లాడుకోవడం మేలు.

మూడు సెంటీమీటర్ల కథ

బీఎంఐ అంటే కిలోల బరువుని, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే సంఖ్య. ఎత్తు రెండుసార్లు గుణించబడుతుంది కాబట్టి దానిలో చిన్న తప్పు పెద్దదవుతుంది. 92 కిలోల మనిషి ఎత్తు 160 సెంటీమీటర్లయితే బీఎంఐ 35.9. అదే మనిషికి అడ్మిషన్ షీట్‌లో 163 అని పడితే 34.6. మనిషి మారలేదు, క్లెయిమ్ పోయింది.

అడ్మిషన్ దగ్గర నర్స్ "హైట్ ఎంతమ్మా" అని అడిగితే "ఐదడుగుల నాలుగు" అని నోటితో చెప్పేయడం మామూలు. అది 162.6 అవుతుంది. చెప్పులు విప్పి, గోడకి ఆనించి కొలిస్తే 160 ఉండొచ్చు. ఓపీ చీటీలో ఒక ఎత్తు, డైటీషియన్ కాగితంలో ఇంకో ఎత్తు, అడ్మిషన్ షీట్‌లో మూడోది ఉంటే టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) డాక్టర్ తమకు అనుకూలమైనదాన్నే పట్టుకుంటారు. ప్రీ-ఆథరైజేషన్ పంపకముందే ఎత్తు కొలిచే స్టేడియోమీటర్ మీద చెప్పులు లేకుండా కొలిపించి, ఆ ఎత్తునీ బరువునీ తేదీతో సహా సర్జన్ సంతకం, స్టాంపుతో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. మిగతా కాగితాల్లో తేడా ఉంటే ఏది కొలిచినది, ఏది నోటిమాట అన్నది అదే లెటర్లో ఒక వాక్యంలో రాయించండి.

రెండో ఉచ్చు ఆపరేషన్ ముందు డైట్. కాలేయం కుంచించుకుని సర్జరీ సులువవడానికి రెండు వారాలపాటు రోజుకి 800 నుంచి 1000 క్యాలరీల ద్రవాహారం మీద పెడతారు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 103 కిలోలు ఉన్నవారి బీఎంఐ 40.2. డైట్‌లో నాలుగున్నర కిలోలు తగ్గి 98.5తో చేరితే 38.5. అడ్మిషన్ రోజు బరువు చూసి "40 లేదు, ఇతర జబ్బూ లేదు" అని కొట్టేస్తారు. చెప్పింది చెప్పినట్టు చేసినందుకు పడే శిక్ష ఇది. డైట్ మొదలుపెట్టిన రోజు బరువు, డైట్ చార్ట్, "ఈ తగ్గుదల సర్జరీ తయారీలో భాగంగా మేం చేయించినది" అన్న సర్జన్ మాట, ఈ మూడూ ఫైల్లో ఉంటే ఈ అభ్యంతరానికి జవాబు దొరుకుతుంది. ప్రీ-ఆథరైజేషన్ డైట్‌కి ముందే పంపిస్తే అసలు గొడవే రాకపోవచ్చు.

ఇతర జబ్బు ఉందని చూపించడం

స్లీప్ ఆప్నియాకి "గురక, పగలు నిద్రమత్తు" అని ప్రిస్క్రిప్షన్‌లో రాస్తే చాలదు. పాలీసోమ్నోగ్రఫీ (స్లీప్ స్టడీ) రిపోర్ట్ కావాలి, అందులో ఏహెచ్ఐ, అంటే నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె కావాలి. గంటకి 5 నుంచి 15 అయితే స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. పాలసీలో ఉన్న మాట "తీవ్రమైన" అని. 27 వచ్చినవాళ్లకి ఇబ్బంది అక్కడే. ఒకే రాత్రి సగం పరీక్ష, సగం సీప్యాప్ (ఊపిరి ఆగకుండా మాస్క్ ద్వారా గాలి పంపే యంత్రం) పెట్టి చేసిన స్టడీ అయితే రిపోర్టులో రెండు ఏహెచ్ఐలు ఉంటాయి: సీప్యాప్ లేనప్పుడు 46, పెట్టాక 4 అన్నట్టు. డెస్క్ వాళ్లు చివరి పేజీ ఒక్కటే స్కాన్ చేసి పంపితే అవతలివాళ్లకి కనిపించేది 4. మొత్తం పేజీలు వెళ్లాయో లేదో మీరే చూసుకోండి.

షుగర్ సంగతి ఇంకా చిక్కు. "అదుపులో లేని" అంటే ఎంత అన్నది కోడ్ 06లో అంకెగా లేదు. డైట్ మీద ఉండి, ఇన్సులిన్ తీసుకుంటూ చేరినవారికి ఆ రోజు ఫాస్టింగ్ 112 రావడం వింతేమీ కాదు. దాన్ని చూసి షుగర్ అదుపులోనే ఉందనేస్తారు. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటుని చూపిస్తుంది కాబట్టి మూడేసి నెలల తేడాతో కనీసం రెండు రిపోర్టులు, ఆ కాలమంతా వాడిన మందుల పేర్లు, మోతాదులతో ప్రిస్క్రిప్షన్లు జతచేయండి. మందులు ఇన్ని వాడుతున్నా షుగర్ లక్ష్యానికి రావడం లేదన్న ముక్క సర్జన్ కాకుండా ఎండోక్రైనాలజిస్టో, షుగర్ చూసే ఫిజీషియనో రాస్తే బరువుంటుంది.

గుండెకి సంబంధించినవి రెండూ పరీక్షతోనే తేలతాయి: కార్డియోమయోపతికి 2డీ ఎకో, కరొనరీ జబ్బుకి యాంజియోగ్రామ్ లేదా సీటీ యాంజియో, దానిపై కార్డియాలజిస్ట్ అభిప్రాయం.

ఇక బరువు తగ్గడానికి ముందు చేసిన ప్రయత్నాలు. వీటిని జనం చేస్తారు కానీ కాగితం దాచరు. డైటీషియన్ చీటీలు బరువుతో సహా, జిమ్ రసీదులు, మందులు వాడి ఉంటే వాటి బిల్లులు (ఓర్లిస్టాట్ కానీ, 2025లో మన దగ్గరికి వచ్చిన మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు కానీ), హెల్త్ చెకప్‌లలో పడ్డ పాత బరువులు. ఆఫీసులో ఏటా జరిగే హెల్త్ చెకప్ రిపోర్టులు బెంగళూరు, చెన్నై ఐటీ ఉద్యోగులకి ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. ఐదేళ్ల బరువులు తేదీలతో సహా మెయిల్లోనే దొరుకుతాయి.

కోడ్ 06 కాకపోతే

లెటర్లో కోడ్ 01 ఉంటే అది పాలసీకి ముందున్న జబ్బుల వెయిటింగ్ పీరియడ్ (కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం). కోడ్ 02 అయితే ఫలానా చికిత్సలకి పెట్టిన వెయిటింగ్. 2024 ఏప్రిల్ నుంచి రెండింటికీ గరిష్ఠం 36 నెలలు. కంపెనీ మారి పోర్ట్ చేసుకుని ఉంటే పాత కంపెనీలో గడిపిన నెలలు కూడా లెక్కలోకి రావాలి. అవి కలపకుండా కాదనడం తరచూ కనిపించే తప్పు. పాత పాలసీ షెడ్యూళ్లు వరసగా జతచేస్తే సరిపోతుంది.

అన్నిటికంటే మొండిది "వాస్తవం దాచారు" అన్న కారణం. పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంట్ ఫారం తానే నింపేస్తూ, ప్రీమియం పెరగకూడదని, మెడికల్ టెస్ట్ పడకూడదని 104 కిలోల మనిషికి 78 రాసేస్తాడు. సంతకం మాత్రం మనది. ఇప్పుడు హాస్పిటల్ రికార్డులో "పదేళ్లుగా ఊబకాయం" అన్న మాట చూసి కంపెనీ ఆ ఫారం బయటికి తీస్తుంది. మీ ప్రపోజల్ ఫారం కాపీ పాలసీ డాక్యుమెంట్‌తోనే వచ్చి ఉంటుంది. లేకపోతే అడిగి తీసుకోండి. ఫారంలో అసలు బరువే రాసి ఉంటే వాదన మీది: ఆ ఎత్తు, బరువు చూసే కంపెనీ పాలసీ ఇచ్చింది కదా. తప్పు బరువు ఉంటే చూడవలసింది కాలం. తెగిపోకుండా 60 నెలలు పాలసీ నడిస్తే మారటోరియం పూర్తయినట్టు. ఆ తర్వాత రుజువైన మోసం తప్ప దాచారన్న కారణంతో క్లెయిమ్‌ని ప్రశ్నించడానికి లేదు. ఆ లోపైతే గెలవడం కష్టం.

కోడ్ 08 కాస్మెటిక్ సర్జరీలది. స్లీవ్, బైపాస్ లాంటి బేరియాట్రిక్ సర్జరీలకి ఇది పెడితే పొరపాటు. లైపోసక్షన్‌కి, బరువు తగ్గాక వేలాడే చర్మం తీయించుకోవడానికి పెడితే ఎదురు చెప్పడం కష్టం. కోడ్ 16 నిరూపణ లేని చికిత్సలది. మినీ గ్యాస్ట్రిక్ బైపాస్‌ని దీని కింద కొట్టేస్తే, ఆ పద్ధతిని అంతర్జాతీయ బేరియాట్రిక్ సమాఖ్య గుర్తించిందన్న సంగతిని సర్జన్ చేత రాయించండి. గ్యాస్ట్రిక్ బెలూన్ మాత్రం సర్జరీ కాదు కాబట్టి దానికి కోడ్ 06 వెసులుబాటు అందదు. రోబోతో చేయించుకుంటే అసలు క్లెయిమ్ ఒప్పుకున్నా, రోబోటిక్ సర్జరీకి విడిగా పరిమితి ఉన్న పాలసీలు చాలా ఉన్నాయి. పరిమితి పేరా చదవకుండా రోబోకి తలూపకండి.

ఆఫీసు పాలసీ అయితే

గ్రూప్ పాలసీలో షరతులు మీరు పనిచేసే కంపెనీ బేరమాడినట్టు ఉంటాయి. ముందున్న జబ్బులకి వెయిటింగ్ చాలావాటిలో ఉండదు, అది లాభం. మరోవైపు బేరియాట్రిక్‌కి విడిగా పరిమితో, సగం మీరే కట్టాలన్న కో-పేనో ఉండొచ్చు. చేరినప్పుడు చూపించిన బెనిఫిట్స్ పీపీటీ నమ్మి వాదించకండి. హెచ్ఆర్‌ని అడిగి అసలు పాలసీ కాపీలో ఆ పేరా తెప్పించుకోండి. టీపీఏ కాదన్నప్పుడు హెచ్ఆర్ ద్వారా బ్రోకర్‌కి చెప్పిస్తే ఫైల్ మరోసారి డాక్టర్ టేబుల్ మీదకి వెళుతుంది. చాలా ఆఫీసు పాలసీల్లో కార్పొరేట్ బఫర్ అని, ఉద్యోగుల అదనపు క్లెయిమ్‌లకి పక్కన పెట్టిన ఒక మొత్తం ఉంటుంది. దాన్ని వాడటం హెచ్ఆర్ చేతిలో పని, అడక్కపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్లు ఆఖరి పనిరోజు ఏదో చూసుకోవాలి. సాధారణంగా ఆ రోజుతోనే కవర్ ఆగిపోతుంది.

లెటర్ రాయడం

తిరస్కరణకి జవాబు ఒక పేజీ దాటకూడదు. ఇంటి ఇబ్బందులు, ఎన్నేళ్లుగా ప్రీమియం కడుతున్నామో, మానసిక క్షోభ లాంటివి అవతలి డాక్టర్ చదవరు. వాళ్లు పెట్టిన క్లాజ్‌కి మాత్రమే, అదే వరసలో జవాబు. ఇంగ్లీషులో పంపినా నడక ఇలా ఉండాలి:

"మీ ఫలానా తేదీ లెటర్లో కోడ్ 06 కింద, బీఎంఐ 38.5 అనీ, జాబితాలోని జబ్బు లేదనీ క్లెయిమ్ నిరాకరించారు. 1. ఆ 38.5 ఆపరేషన్ ముందు డైట్ తర్వాతి కొలత. డైట్ మొదలైన రోజు బీఎంఐ 40.2 (జత 1, సర్జన్ లెటర్, జత 2, డైట్ చార్ట్). 2. స్లీప్ స్టడీలో సీప్యాప్ లేనప్పటి ఏహెచ్ఐ 46, అంటే తీవ్రం (జత 3, పేజీ 2). మీకు ముందు అందింది పేజీ 5 మాత్రమే. 3. మూడేళ్ల డైటీషియన్ రికార్డులు (జత 4). కోడ్ 06లోని అన్ని షరతులూ నెరవేరాయి. నిర్ణయం మార్చగలరు, మార్చకపోతే ఏ షరతు నెరవేరలేదో, ఏ కాగితం ఆధారంగానో తెలపగలరు."

ఆఖరి వాక్యం మరచిపోవద్దు. దానికి వాళ్లు ఇచ్చే జవాబే తర్వాత అంబుడ్స్‌మన్ ముందు మీకు పనికొచ్చే కాగితం. జతలకి నంబర్లు వేసి, ఒకే పీడీఎఫ్‌గా పంపండి. హాస్పిటల్ డెస్క్ ద్వారా క్వెరీకి జవాబు వెళ్తుంటే, పంపకముందు ఆ జవాబు ఫోన్లో ఫొటో తీసి సర్జన్‌కి చూపించండి. డెస్క్‌లో కుర్రాళ్లు రోజుకి ఎన్నో ఫైళ్లు తోస్తుంటారు, "పేషెంట్ నోన్ కేస్ ఆఫ్ ఒబేసిటీ" అని ఒక్క లైన్ కొట్టి పంపేసిన జవాబులు కొల్లలు.

పైకి వెళ్లడం

మొదట కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్. వారి మెయిల్ ఐడీ పాలసీలోనే ఉంటుంది, టీపీఏకి కాదు కంపెనీకే పంపాలి. రెండు వారాల్లో జవాబివ్వాలి. దాంతోపాటు ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో నమోదు చేయండి, లేదా 155255కి ఫోన్ చేయండి. ఐఆర్‌డీఏఐ తీర్పు చెప్పదు, మీ ఫిర్యాదుని కంపెనీకే పంపి జవాబు రాబడుతుంది. అయినా ఒక టోకెన్ నంబర్ పడుతుంది, ఫైల్ కదులుతుంది.

కంపెనీ మళ్లీ కాదన్నా, నెల గడిచినా జవాబు రాకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, లాయర్ అవసరం లేదు, అసలు లాయర్‌ని అనుమతించరు. కాదన్న తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. గ్రూప్ పాలసీలవాళ్లూ వెళ్లొచ్చు. కర్ణాటకకి బెంగళూరు ఆఫీసు, జేపీ నగర్ ఫస్ట్ ఫేజ్‌లో 24వ మెయిన్ రోడ్ మీద జీవన్ సౌధ భవనంలో. తమిళనాడుకి చెన్నై ఆఫీసు, తేనాంపేటలో అన్నాసాలై మీద ఫాతిమా అఖ్తర్ కోర్ట్‌లో. ఆన్‌లైన్లో కూడా పెట్టొచ్చు.

మనవాళ్లకి తరచూ వచ్చే సందేహం: నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చి చెన్నైలో సర్జరీ చేయించుకున్నాం, ఎక్కడ పెట్టాలి? హాస్పిటల్ ఎక్కడుందన్నది లెక్క కాదు. మీ నివాసం ఉన్న పరిధి కానీ, ఫిర్యాదు ఎదుర్కొంటున్న ఇన్సూరెన్స్ బ్రాంచ్ ఉన్న పరిధి కానీ చూస్తారు. నెల్లూరులో ఉండేవారికి ఆంధ్ర, తెలంగాణలు చూసే హైదరాబాద్ ఆఫీసు. ఆధార్ అనంతపురంలో ఉండి కాపురం మారతహళ్లిలో అయితే, రెంటల్ అగ్రిమెంట్ జతచేసి బెంగళూరులో పెట్టుకోవచ్చు.

విచారణలో మీకు దొరికేది కొద్ది నిమిషాలే. కంపెనీ తరఫున ఒక అధికారి, ఒక డాక్టర్ ఉంటారు. కోడ్ 06 పేరా, దాని పక్కన మీ జతల నంబర్లు, అంతే చేతిలో పెట్టుకోండి. కావలసిన కాగితాలన్నీ అందాక మూడు నెలల్లో అవార్డ్ (తీర్పు) ఇవ్వాలి, అది వచ్చిన 30 రోజుల్లో కంపెనీ అమలు చేయాలి. చేయకపోతే రోజుకి 5,000 రూపాయల చొప్పున మీకే కట్టాలని 2024 సర్క్యులర్ అంటుంది. అవార్డ్ కంపెనీని కట్టేస్తుంది, మిమ్మల్ని కాదు. అక్కడ ఓడినా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే హక్కు ఉంటుంది. కానీ ఒకేసారి రెండుచోట్లా కేసు నడపడానికి లేదు. కమిషన్‌లో వేసేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు. అందుకే ముందు ఖర్చు లేని చోటికి వెళ్లండి.

జిల్లా కమిషన్‌కి గడువు రెండేళ్లు. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు ఉండదు, మీరు ఉండే ఊళ్లో లేదా పనిచేసే ఊళ్లో వేసుకోవచ్చు. లాయర్ ఫీజు, వాయిదాలు మాత్రం ఉంటాయి.

ఈ గొడవ నడుస్తున్నన్నాళ్లూ కోపంతో రెన్యూవల్ మానేసేవాళ్లున్నారు. మానకండి. ఏడాది ప్రీమియం అయితే గడువు తర్వాత 30 రోజులు, నెలవారీ అయితే 15 రోజులు గ్రేస్ ఉంటుంది. అది దాటితే గడిపిన వెయిటింగ్ నెలలూ, 60 నెలల లెక్కా మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. కంపెనీ మారాలనుకుంటే రెన్యూవల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు పోర్టింగ్‌కి దరఖాస్తు పెట్టండి. కొత్త ఫారంలో ఎత్తు, బరువు, ఈ తిరస్కరణ సంగతి మీ చేత్తోనే నింపండి.